పూజ తప్పిన పైపులు

మా చీనీ చెట్లూ, మన దేశం బాంబూ ఒక ఈడువి. సరదాకి అంటున్న మాట కాదు. రైల్వే సమ్మె నడిచిన ఆ ఎండాకాలం మా నాయన కోడూరు పోయి ఒక నర్సరీలో చీనీ అంటుమొక్కలు చెప్పి వచ్చాడు. బత్తాయిని మా వైపు చీనీ అంటారు. అవి రైల్లో గుంతకల్లు దాకా రావాలి. రైళ్లు ఆగిపోయాయి. సమ్మె ఎప్పుడు విరమిస్తారో తెలుసుకోవడానికి ఆయన పూటపూటా రేడియో ముందు కూర్చునేవాడు. అలా కూర్చున్న ఒక సాయంత్రం, రాజస్థాన్ ఎడారిలో భూమి లోపల అణుపరీక్ష జరిపారని, అది శాంతియుత ప్రయోజనాల కోసమేనని వార్త చెప్పారు. నాయన ఓపిగ్గా చివరిదాకా విని, రైళ్ల సంగతి తేలకపోయేసరికి విసుక్కుని రేడియో కట్టేశాడు.

మర్నాడు నన్ను పిలిచి ఆ బాంబు ఎవరి మీద వేశారని అడిగాడు. నేనప్పుడు హైస్కూలు చదువు ముగించి అనంతపురం కాలేజీలో చేరడానికి ఎదురు చూస్తున్నాను. ఇంట్లో పేపరు చదివే మనిషిని నేనే. ఎవరి మీదా వేయలేదని, మన ఇసుకలోనే పేల్చుకున్నామని చెప్పాను. మన నేలలో మనమే బాంబు పెట్టుకోవడం ఆయనకు చాలా రోజులు నవ్వులాటగా ఉండింది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పి నవ్వేవాడు. నాకు రోషం వచ్చి, పేపర్లో చదివిందంతా అప్పజెప్పాను. అది వేయడానికి కాదు, మన దగ్గర ఉందని అవతలివాడికి తెలియడానికి. తెలిస్తే భయపడతాడు, భయపడితే మన జోలికి రాడు. అవతలివాడు ఎవరని అడిగాడు. పైన చైనా, పక్కన దాయాది దేశం అన్నాను. పాకిస్తాన్‌ను పత్రికలు ఆ పేరుతోనే రాసేవి, ఇప్పటికీ రాస్తాయి. దాయాది అనే మాటకు మా ఇంట్లో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. నాయన నవ్వడం ఆపి గట్టు వైపు చూశాడు.

గట్టుకు అవతల మా పెదనాయన ఉండేవాడు. నాయనకు సొంత అన్న. తాత పోయిన ఏడాది తిరక్కుండానే అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. పామిడికి కాస్త దూరంలో, పెన్న ఒడ్డు వైపుకు వాలిన ఎర్రనేల మాది. దాని మధ్యలో గట్టు పోసి సగం సగం చేసుకున్నారు. పంపకాల రోజే ఒక కాలువ దారి గురించి మాటా మాటా పెరిగింది. ఎవరు ముందు నోరు జారారో ఇద్దరికీ గుర్తు లేదు, ఎదుటివాడేనన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ ఉంది. ఊళ్లో ఇల్లు వదిలేసి చెరొక వైపు తోటలో ఇల్లు కట్టుకున్నారు. ఊరు చాలా దూరం. పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నది ఒకరికొకరే, ఆ ఇద్దరికీ మాటల్లేవు. మా పిల్లి ఒక్కటే రెండిళ్లలోనూ పాలు తాగేది.

బావులు రెండైనా కింద జల ఒకటే. పెదనాయన మోటారు వేస్తే మా బావిలో మునిగి ఉన్న మెట్లు బయటపడేవి. వేరుశనగ వేసుకున్నంత కాలం అది పెద్ద బాధగా లేదు. వాన వస్తే పంట, రాకపోతే మళ్లీ ఏడు చూసుకోవడం. చీనీ అలా కాదు. కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది. ఆ మధ్యలో ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పాయంటే పెంచిందంతా వంటచెరకు. అంట్లు వానల్లో దిగాయి. వాటితోపాటే పెదనాయన కూడా అవతల చీనీ పెట్టాడని తెలిసింది. మొదటి రెండేళ్లూ మాకు ఇంకా మోటారు లేదు. అమ్మ బావి దిగి కడవలతో నీళ్లు తెచ్చి పాదుపాదుకూ పోసేది. అవతల తోటలో పెద్దమ్మ కూడా, కరెంటు లేని రోజుల్లో అంతే. ఇద్దరూ నడుముల మీద కడవలతో గట్టుకు చెరొక పక్క నడుస్తుంటే చూసేదాన్ని. ఒకరినొకరు చూసుకునేవాళ్లు, తల దించుకుని పోయేవాళ్లు. మొగుళ్లు మాట్లాడుకోని ఇళ్లలో ఆడవాళ్లకు చూసుకోవడం వరకే స్వతంత్రం.

మా ఊళ్లో తాగునీళ్లకని ప్రభుత్వం వాళ్లు బోరు వేయించిన రోజున జనమంతా జాతరకు పోయినట్టు పోయారు. లారీ మీద నిలబెట్టిన ఆ గడ, రాతిని పిండి చేసి పైకి ఊదే ఆ చప్పుడు, చివరికి ఎగజిమ్మిన నీళ్లు. అందరూ చేతులు చాపి తడుపుకున్నారు. నాయన మాత్రం దిగాలుగా ఇంటికి వచ్చాడు. ఇలాంటిది ఒకటి పెదనాయన తన తోటలో వేయిస్తే మా బావికి మిగిలేది బురద. ఆయన వేయించాలని చూస్తున్నాడని అప్పటికే ఊళ్లో అనుకుంటున్నారు. నాయన కొన్నాళ్లపాటు అన్నం సరిగా తినలేదు. తర్వాత ఒకరోజు నన్ను చూసి, తేల్చుకున్నవాడిలా అన్నాడు.

"మన దగ్గర కూడా బాంబు ఒకటి ఉండాలమ్మా."

నేను వేళాకోళం అనుకున్నాను. అది కాదని వారంలో తెలిసింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ జల చూసే మనిషిని పిలిపించాడు. తోటలో ఎక్కడా కాకుండా గట్టు వెంబడే నడిపించాడు. పెదనాయన బావికి ఎదురుగా ఒకచోట కాయ నిలబడింది. అక్కడ ఒక రాయి పాతి, అవతలి నుంచి బాగా కనబడేలా సున్నం కొట్టాడు. ఆ తర్వాత పామిడి నుంచి ఎద్దులబండిలో లావుపాటి ఇనుప పైపులు వచ్చాయి. బోరు వేసినప్పుడు పైమన్ను కూలకుండా దించే కేసింగు పైపులవి. వాటిని ఆ రాయి పక్కనే, గట్టు మీద వరుసగా పేర్పించాడు. దారిన పోయేవాళ్లు ఇవెందుకప్పా అంటే పశువుల కొట్టానికి అనేవాడు. శాంతియుత ప్రయోజనాలన్న మాట ఆయనకు రేడియో నేర్పింది.

అసలు మాట చెప్పాల్సిన చోట చెప్పాడు. సంతలో, పెదనాయన వినేంత దూరంలో నిలబడి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టుగా, "ఆయప్ప ఏసిన దినమే నేనూ ఏస్తా. ఇద్దరం ఎండుదాం" అన్నాడు. పెదనాయన విననట్టే తిరిగిపోయాడు. కొన్నాళ్లకు గట్టుకు అవతల వైపు కూడా పైపులు దిగాయి. మావాటికంటే కాస్త పొడుగ్గా ఉన్నాయని అమ్మ అంది. నాయన పోయి చూసి, పొడుగు ఒకటే గానీ లావు తక్కువని తృప్తిపడ్డాడు.

దసరాకి మా వైపు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. నాగలి, కొడవలి, మగ్గం, బస్సు, ఏదైనా సరే. ఆ ఏడు నుంచి నాయన పైపులకు కూడా చేయడం మొదలుపెట్టాడు. ముందురోజే వాటిని కిందికి దించి కడిగి, రాళ్ల మీద ఎత్తి పెట్టేవాడు. మర్నాడు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, చివర గుమ్మడికాయ కొట్టేవాడు. కాయ ముక్కలు అటువైపు కూడా పడేలా సరిగ్గా గట్టు మీదే కొట్టేవాడు. మరుసటి ఏడు అవతల పెద్ద గుమ్మడికాయ పగిలింది. జనవరిలో ఢిల్లీలో జరిగే కవాతు ఫొటోలు పేపర్లో చూసినప్పుడల్లా నాకు ఆ గట్టే గుర్తొచ్చేది. ఆయుధాలను ఊరేగించేది ఊళ్లో జనం కోసం కాదని ఆ కవాతు చూడకముందే నాకు తెలుసు. పూజ జరిగిందంటే ఇంకో ఏడు పైపులు గట్టు మీదే ఉంటాయని అర్థం. బోరులోకి దించబోయే వస్తువుకు ఎవరూ దండ వేసి వదిలేయరు కదా. ఎవరూ పైకి చెప్పకపోయినా రెండిళ్లవాళ్లకూ ఈ సంగతి తెలుసు.

అది పని చేసింది. చేయలేదంటే అబద్ధమవుతుంది. పెదనాయన మోటారు వేళలు తగ్గాయి. మేమూ మోటారు పెట్టుకున్నాం, మావీ తగ్గించుకున్నాం. ఎంత తోడితే ఎదుటివాడికి కోపం రాదో ఇద్దరికీ లెక్క దొరికింది. చుట్టుపక్కల ఎన్నో బావులు ఎండిపోయిన ఏళ్లలో కూడా మా రెండు బావుల్లో అడుగున కాసిని నీళ్లు నిలిచాయి. చెట్లు పెరిగి కాపుకొచ్చాయి. మొదటి కాయ అమ్మ కోసి, దేవుడి ముందు పెట్టి, ఒలిచి తొనలు అందరికీ పంచింది. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న వెలుగు నేను మళ్లీ చూడలేదు. రెండు తొనలు ఒక ఆకులో చుట్టి గట్టు మీద పెట్టి వచ్చింది. సాయంత్రానికి ఆకు అక్కడే ఉంది, తొనలు లేవు. పెద్దమ్మ తీసుకుందో, చీమలు తిన్నాయో మాకు తెలియదు.

కాలేజీ చివరి ఏడాదిలో వక్తృత్వపు పోటీ పెట్టారు. పొరుగు దేశం రహస్యంగా బాంబు తయారీకి పూనుకుందని అప్పుడే పత్రికలు రాస్తున్నాయి, మనమేం చేయాలన్నది విషయం. నేను బాంబు పక్షాన మాట్లాడాను. మా గట్టు కథంతా చెప్పి, ఉంటే చాలు, వాడక్కర్లేదు, మా చీనీ చెట్లే సాక్ష్యమన్నాను. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. ధర్మవరం నుంచి వచ్చిన, మగ్గం నేసే ఇంటి అమ్మాయి ఒకతె లేచి, భయపడినవాడు ఎప్పుడూ వెనక్కే పోతాడని ఏముంది, భయంతో ముందుకు దూకేవాళ్లు ఉండరా అని అడిగింది. మా పెదనాయన దూకడు, ఆయనకు మోకాళ్ల నొప్పులు అన్నాను. మళ్లీ నవ్వులు. నాకు మొదటి బహుమతిగా స్టీలు చెంబు ఇచ్చారు. చాలా ఏళ్లు దాంతోనే నీళ్లు తాగాను.

తర్వాత సోమందేపల్లెలో సోషల్ టీచరుగా చేరాను. సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని. ఎనభైల నడుమ వరసగా వానలు ముఖం చాటేశాయి. తమిళనాడు నుంచి బోరు లారీలు వచ్చి రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని ఉండేవి. ఎక్కడ చూసినా తెల్లటి రాతిపిండి కుప్పలు. అయినా మా గట్టు మీద పైపులు కదల్లేదు. ఒక దసరాకి నేను ఇంటికి వచ్చిన రోజు, నాయన ఎప్పటిలాగే పైపులు కడిగి రాళ్ల మీద ఎత్తి పెట్టాడు. అమ్మ పసుపు కలుపుకుంటోంది. అప్పుడు రాయదుర్గం నుంచి ఒక మనిషి వచ్చాడు.

చావు కబురు తెచ్చినవాడు గడప దాటి లోపలికి రాడు. మంచినీళ్లు కూడా తాగడు. వాకిట్లో నిలబడే చెప్పి వెళ్లిపోతాడు. నాయనకు చిన్నాయన వరసయ్యే ముసలాయన రాయదుర్గంలో పోయాడని చెప్పి, తిరుగు బస్సు కోసం వెంటనే మళ్లిపోయాడు. ఒకే వంశం కాబట్టి మాకు మైల. పెదనాయనకూ మైలే. రోడ్డు మీద నుంచి వచ్చేవాడికి ముందు తగిలేది పెదనాయన ఇల్లు. అక్కడ చెప్పే వచ్చి ఉంటాడని మా ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఇంటికి తాళం వేసి ఉందని, వాళ్లు పండగ సరుకులకు పామిడి పోయారని మాకేం తెలుసు? తాళం చూసినవాడు, అన్నదమ్ములే కదా, వీళ్లు చెప్పుకుంటారులే అనుకున్నాడు. మాటల్లేని అన్నదమ్ములని ఆయనకేం తెలుసు? అమ్మ పసుపు గిన్నె అలాగే మూత పెట్టేసింది. ముగ్గురమూ దొరికిన బస్సుకు రాయదుర్గం పోయాం. పెదనాయన అక్కడికి రాకపోతే, ఇంత పంతమా, శవం దగ్గరికి కూడా రాలేదే అని నాయన నొచ్చుకున్నాడు.

కార్యాలు కొన్ని అయ్యాక తిరిగి వచ్చాం. మధ్యాహ్నం బస్సు దిగేసరికే ఆ చప్పుడు వినిపించింది. పెదనాయన తోట మీద తెల్లగా పొగలా లేచి ఉంది. అమ్మ రోడ్డు మీదే కూర్చుండిపోయింది. నేను ఆమెను లేపి నడిపించుకుంటూ వచ్చేసరికి నాయన మా ఇంటికి పోకుండా నేరుగా గట్టు దాటి అవతలికి పోయాడు. పంపకాలయ్యాక ఆ నేల మీద ఆయన కాలు పెట్టడం అదే మొదలు. కొట్టుకుంటారని నేను పరుగెత్తాను.

నీళ్లు అప్పుడే పడ్డాయి. బోరు లారీకి బంతిపూల దండ వేసి ఉంది. నీళ్లు చిమ్ముతుంటే పెదనాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన ముఖంలో సంతోషం లేదు, నాయనను చూసి ఒళ్లు బిగించుకున్నాడు. నాయన బోరు మాట ఎత్తలేదు.

"చిన్నాయన పోయినాడన్నా, రాయదుర్గంలో. నీకు కబురు రాలేదా?"

పెదనాయన లేదన్నట్టు తల ఊపాడు.

"మైల్లో ఉండావు. తలకు పోసుకో."

పెదనాయన గట్టు వైపు తిరిగి మా పైపుల వంక చూశాడు. రాళ్ల మీద ఎత్తి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, కడిగి, బొట్టు లేకుండా.

"అందుకేనా కుంకం పెట్టలేదు?"

"మైల్లో పూజ ఎట్ల చేస్తారన్నా?"

చావు కబురు ఆలస్యంగా విన్నవాడు కట్టుబట్టలతోనే తలకు స్నానం చేయాలి. పెదనాయన ఆ బోరు చిమ్ముతున్న నీళ్ల కిందికే పోయి పంచెతో, చొక్కాతో నిలబడ్డాడు. రాతిపిండి కలిసిన తెల్లటి నీళ్లు ఆయన నెత్తి మీద నుంచి కారాయి. పెద్దమ్మ లారీకి వేసిన దండ తెంపి పారేసింది.

జరిగిందేమిటో పెద్దమ్మ తర్వాత మా అమ్మకు చెప్పింది. పామిడి నుంచి తిరిగొచ్చి పెదనాయన పండగ పొద్దున తన పైపులకు పూజ చేసుకున్నాడు. అవతల మా పైపులు చూశాడు. కడిగి ఎత్తి పెట్టి ఉన్నాయి, పూజ లేదు, ఇంటికి తాళం, తమ్ముడు బస్సెక్కి పోవడం చూసినవాళ్లు ఉన్నారు. లారీ మాట్లాడుకోవడానికి పోయాడు, పైపులు దించడానికి సిద్ధం చేసుకున్నాడు, లేకపోతే ఇన్నేళ్లలో తప్పని పూజ ఇప్పుడెందుకు తప్పుతుంది అనుకున్నాడు. ఆ రోజంతా ఆయన గట్టు మీదే తచ్చాడాడని, తమ్ముడు ముందు వేస్తే మన చెట్లు మూడు నెలలు కూడా నిలవవని అంటూనే ఉన్నాడని చెప్పింది. మర్నాడు రోడ్డు మీదికి పోయి మొదట కనబడిన లారీని పిలుచుకొచ్చాడు. ఆశతో వేయించిన బోరు కాదది. మైల అని తెలిసి ఉంటే ఆ మనిషి కొబ్బరికాయ కూడా కొట్టేవాడు కాదు.

ఇద్దరికీ తెలిసిపోయింది, ఇది పొరపాటని. ఇంక సర్దుకుంటుందని నేను అనుకున్నాను. పడిన నీళ్లను పూడ్చమని అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. మా జిల్లాలో నీళ్లు పడిన బోరును పూడ్చిన మనిషి పుట్టలేదు. మిగిలింది ఒక్క దారి, ఆ బోరు నీళ్లు రెండు తోటలకూ వంతులవారీగా పారించుకోవడం. ఆ ఆలోచన అమ్మదీ పెద్దమ్మదీ. మైల రోజుల్లో మొగుళ్లు ఇళ్లలో ఉండగా వాళ్లిద్దరూ గట్టు మీద కలుసుకుని మాట్లాడుకున్నారు. అలా వాళ్లు నిలబడి మాట్లాడుకోవడం అప్పుడే చూశాను. తమ్ముడొచ్చి అడిగితే కాదననని పెదనాయన అన్నాడట. అన్న ఇస్తానంటే వద్దనను గానీ పోయి అడగనని మా నాయన. ఈ మాట అటు, ఆ మాట ఇటు మోసీ మోసీ ఆడవాళ్లిద్దరూ అలిసిపోయారు.

మా బావిలో అప్పటికే అడుగు రాయి కనబడుతోంది. మైల తీరిన పొద్దున నాయన గడ్డం గీయించుకుని వచ్చి, లారీకి చెప్పి వచ్చానన్నాడు. అమ్మ చేస్తున్న పని ఆపేసింది. వాళ్ల మధ్య జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"ఏస్తే చెట్లు బతుకుతాయా?"

"బతకవు."

"మరి యాల ఏసేది?"

"ఆయప్పవీ బతకవు."

నేను ఊరుకోలేకపోయాను. పైపులు కొన్నది పెదనాయన వేయకుండా ఆపడానికి కదా, ఆయన వేసేశాక ఇంక వీటితో పనేముంది, పోయి ఒక్క మాట అడిగితే పోయేదేముందని గట్టిగానే అన్నాను. నాయన నా మీద కోప్పడలేదు. ఇన్నేళ్లుగా వేస్తానని నలుగురిలో చెప్పానని, ఇప్పుడు వేయకపోతే ఇన్నేళ్లూ ఉత్తమాటలు చెప్పినట్టేనని అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన నా ముఖం చూడలేదు, తోట వైపు చూశాడు. ఆయనకు వేయాలని లేదు. అది నాకు కళ్లారా కనబడింది. వేయాలని లేని మనిషిని, వేస్తానన్న మాట మెడ పట్టి తోసుకుపోయింది. అప్పుడు నాకు ఆయన మీద జాలి వేసింది, దాంతోపాటు భయం కూడా వేసింది.

పైపులకు ఆ రోజు పూజ జరిగింది. సున్నం రాయి పీకేసి అక్కడే బోరు వేశారు. పెదనాయన తన ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దున నుంచి సాయంత్రం దాకా చూశాడు. నీళ్లు పడ్డాయి. ఎవరూ చేతులు చాపి తడుపుకోలేదు. లేచిన రాతిపిండి రెండు తోటల ఆకుల మీదా పడింది, వాన లేక చాలా రోజులు అలాగే ఉంది.

ఆ తర్వాత జరిగింది మా వైపు వందల తోటల్లో జరిగిందే. పెదనాయన బోరులో నీళ్లు తగ్గాయి, ఆయన ఇంకా లోతుకు దించాడు. మావి తగ్గాయి, మేమూ దించాం. రెండో ఎండాకాలానికి రెండు మోటార్లూ గాలి పీల్చాయి. చీనీ చెట్టు ఒక్కసారిగా చావదు. ముందు ఆకులు ముడుచుకుంటాయి, కాయలు నిమ్మకాయంత ఉండగానే రాలతాయి, తర్వాత కొసల నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. అమ్మ మళ్లీ కడవ ఎత్తింది. ఊళ్లో చేతిపంపు నుంచి, అంత దూరం, అప్పటికి ఆమెకు నడుం వంగింది. ఇంటి ముందున్న నాలుగు చెట్లయినా నిలబెడతానని పట్టుబట్టింది. నేను సెలవులకు వచ్చి వద్దని కడవ లాక్కుంటే, నన్ను చూసిన చూపుకు వదిలేశాను. ఆ నాలుగూ కూడా పోయాయి. ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు.

చెట్లు కొట్టించేశాక మా వాకిట్లో నిలబడితే పెదనాయన వాకిలి నేరుగా కనబడేది. మధ్యలో అడ్డం ఏమీ లేదు. అన్నదమ్ములు మాట్లాడుకోవడం అప్పుడు మొదలుపెట్టారు. ఎలా మొదలైందో నేను చూడలేదు. నేను వచ్చేసరికి ఇద్దరూ గట్టు మీద, పాత పైపు ఒకటి మిగిలితే దాని మీద కూర్చుని బీడీ పంచుకుంటున్నారు. దాచుకోవడానికి, కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఒకరంటే ఒకరికి భయం పోయింది.

ఎనభైల చివర్లో ఒక ఏడు, వేసవి సెలవులకు ముందు, దాయాది దేశం దగ్గర కూడా బాంబు ఉన్నట్టేనని పేపర్లన్నీ రాశాయి. మా స్టాఫ్ రూములో అది పెద్ద చర్చ. కొందరు భయపడ్డారు. ఎక్కువమంది మాత్రం ఇది ఒకందుకు మంచిదే, ఇద్దరి దగ్గరా ఉంటే ఇద్దరూ వాడరు, ఇంక యుద్ధాలుండవన్నారు. అది ఒకప్పుడు నేను స్టీలు చెంబు గెలుచుకున్న మాటే. నేను అవుననలేదు, కాదనలేదు. నిజానికి ఇప్పటికీ నాకు తెలియదు. మా గట్టు మీద అది చాలా ఏళ్లు పని చేసింది, ఒక్క వారం పని చేయలేదు.

సెలవులకు ఇంటికి వచ్చాక ఆ వార్త సాయంత్రం గట్టు దగ్గర చదివి వినిపించాను. అన్నదమ్ములిద్దరూ పైపు మీద కూర్చున్నారు. అమ్మ, పెద్దమ్మ కాస్త ఎడంగా వేరుశనగ విత్తనాలు ఏరుకుంటున్నారు. నాయన అంతా విని, ఒక్కటే అడిగాడు.

"వాళ్లిద్దరూ మాట్లాడుకుంటాండారా?"

పెద్దగా లేదన్నాను.

"అట్లయితే పైపులకు కుంకం మటుకు తప్పనీయొద్దని చెప్పు" అన్నాడు పెదనాయన.

నాయనకు నవ్వు ఆగలేదు. పెదనాయన కూడా నవ్వాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఇన్నేళ్లకు కలిసిన అన్నదమ్ములు, చూస్తే సంతోషం కలగాలి. నాకు ఒళ్లు మండింది. పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

అమ్మ, పెద్దమ్మ నవ్వలేదు. తల ఎత్తి వాళ్లిద్దరి వైపు ఒకసారి చూసి, మళ్లీ విత్తనాలు ఏరుకున్నారు. ఆ అంట్లకు కడవలతో నీళ్లు మోసింది వాళ్లు.